పాకశాల: గూజేరులును ద్రాక్షాసవమును

ఫ్రాన్సు దేశమున బర్గండీ సీమలోని డిజోన్ పట్టణమందు కాపురముండు సోదరీమణి యొకరు మాకిట్లు వ్రాసిరి: "ఇరుగుపొరుగువారు మమ్ము రెండుమారులు విందునకు పిలిచిరి. ఇప్పుడు మేము పిలువవలసిన వంతు వచ్చినది. ఇచ్చట భోజనమునకు ముందు చిరుతిండియు, దానితో ద్రాక్షాసవమును ఇచ్చుట మర్యాద. మా యింట నెవరును త్రాగరు. ఏమి చేయుదును?" ఇట్టి చిక్కు పరదేశములందున్న మన యాడుబిడ్డలు పెక్కురకు కలుగునదే. కావున నీ నెల దీనినే విచారింతము.

మొదట చిరుతిండి మాట. ఆ సీమలో పేరొందినది గూజేరు. చీజు కలిపిన పిండిముద్దను ఓవెనులో కాల్చగా, అది పూరీవలె పొంగి, పైన కరకరలాడుచు లోపల డొల్లగా మెత్తగా నుండును. చీజనగా మన జున్ను కాదు. పాలను విరిచి, నీరు పిండి, మాగవేసినది. అచ్చటి ద్రాక్షాసవపు నేలమాళిగలలో రుచిచూచుటకు వచ్చినవారికి గూజేరులను పెట్టుట వాడుక. పళ్లెముతో పని లేదు. చేతితో నందుకొని నోట వేసికొనుటయే. పిల్లలకు నిది మిక్కిలి వేడుక.

చేయు విధము మన చేగోడీల పిండికి చుట్టమే. పావు లీటరు నీళ్లలో 100 గ్రాముల వెన్నయు, అర చెంచా ఉప్పును వేసి మరిగింపవలెను. తెర్లుచుండగా 150 గ్రాముల మైదాపిండి నొక్కమారే పోసి, ముద్ద గిన్నె నంటక విడివడువరకు సెగమీద కలియబెట్టవలెను. పిమ్మట దింపి కొంచెము చల్లారనిచ్చి, నాలుగు కోడిగ్రుడ్లను ఒకదాని తరువాత నొకటిగా కలుపవలెను. వేడిలో వేసినచో గ్రుడ్డు ఉడికి ముక్కలగును. తుదకు తురిమిన చీజు 120 గ్రాములును, మిరియపు పొడి చిటికెడును చేర్చి, ఉసిరికాయలంత ముద్దలుగా రేకుపై నెడముగా పెట్టి, 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో సుమారు 25 నిమిషములు కాల్చవలెను. ఇందు పొంగుటకు సోడా లేదు. పిండిలోని నీరు ఆవిరియై పొంగించును. అందుచే మొదటి 20 నిమిషములు ఓవెను తలుపు తెరువరాదు. తెరచితిరా, పొంగినవి చప్పబడి కూలబడును.

ఇక జోడింపు. చీజునందు కొవ్వును ఉప్పును హెచ్చు. కొవ్వు నాలుకపై పొరవలె నిలుచును. పులుపు దానిని విడిపించును. నేతిపప్పన్నముతో మనము మాగాయ నంజుకొనుట యిందుకే గదా! ఆ సీమలోని షాబ్లీ అను తెల్లని ద్రాక్షాసవము షార్డొనే ద్రాక్షతో మాత్రమే చేయబడును. చలి ప్రదేశమున పండుటచే దానికి పులుపు నిలుచును. కావున గూజేరునకు సరిజోడు. అలిగొతే ద్రాక్షతో చేసిన తెల్లనిదియు నట్టిదే. క్రెమాన్ అను నురుగుగల దానిలో పులుపునకు తోడు బుడగలును నోటిని శుభ్రపరచును. మిక్కిలి వగరుగల యెఱ్ఱనిది మాత్రము తేలికయైన యీ తినుబండము రుచిని మరుగుపరచును. తెల్లనిది చల్లగాను, గూజేరు వెచ్చగాను ఉండవలెను.

శాకాహారులకొక హెచ్చరిక. కోడిగ్రుడ్డు తినువారు సైతము చీజు విషయమున విచారింపవలెను. ఈ వంటకు వాడు కోంతే, గ్రుయేర్ చీజులలో పాలను విరుచుటకు దూడ కడుపునుండి తీసిన పదార్థమును వాడుట సంప్రదాయము. అది యిష్టము లేనివారు, శాకాహారులకు తగినదని చీటీపై వ్రాసియున్న చీజును వెదకి కొనవలెను.

ఇప్పుడు సోదరి మనసున నున్న అసలు ప్రశ్నకు వత్తము. సారా వలన సంసారములు చెడుట చూచి 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో ఆ నిషేధము సడలింపబడినను, ఆ స్త్రీల మాట మరువదగినది కాదు. ఎంత తక్కువ త్రాగినను ఆరోగ్యమునకు కీడు లేదని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. ద్రాక్షాసవమునకు పుట్టినిల్లు వంటి ఫ్రాన్సులోనే, గర్భిణీ స్త్రీలు త్రాగరాదను హెచ్చరిక 2007 నుండి సీసాలపై తప్పనిసరిగా నుండుచున్నది. కావున త్రాగని యిల్లాలు సిగ్గుపడవలసిన పని లేదు.

అట్లని అతిథికి నీతులు బోధించుటయు మర్యాద గాదు. పిలుచునప్పుడే, "మేము త్రాగము; మీకు కావలసినచో మీ యభిరుచి ననుసరించి ఒక సీసా తెచ్చుకొనుడు; గూజేరులు మేము కాల్చెదము" అని నవ్వుచు చెప్పవచ్చును. త్రాగనివారికి పైన చెప్పిన సూత్రమునే పాటింపుడు: పులుపు, చల్లదనము, బుడగలు. సోడానీళ్లలో నిమ్మరసము పిండి చిటికెడు ఉప్పు వేసినను, పులుపుగల ఆపిలు రసము నిచ్చినను, గూజేరునకు చక్కగా పొసగును. వానిని కూడ మంచి గాజుగిన్నెలలోనే యందింపుడు. త్రాగువానికి గాజు, త్రాగనివానికి ఇత్తడి అను భేదము పెట్టుకొనరాదు.

సీసా యింటిలోనికి వచ్చుటయే మనసునకు సరిపడనిచో, అదియు మొగమాటము లేక చెప్పుడు. నిజమైన పొరుగువారు మీ చేతి వెచ్చని గూజేరు కొరకును, మీ మాట కొరకును వత్తురు.