ఊహాజట్లును క్రొత్త రైడర్లును

మన పాఠశాల వరండాలోని తాండూరు నాపరాళ్ళపై సుద్దతో గీసిన గడులను చూడనివారుండరు. కొన్నేండ్లుగా ప్రో కబడ్డీ పోటీలు మొదలగు దినములలో ఆఱుగురు బాలురు అచట చుట్టు కూర్చుండి, ఆటగాండ్ర పేర్లు వ్రాసికొని, ఒక్కొక్కరు ఒక్కొక్క ఊహాజట్టును కూర్చుకొనుచుందురు. చీట్లు వేసి వరుస నిర్ణయింతురు; మొదటి చుట్టులో కడపట కోరుకొన్నవాడు రెండవ చుట్టులో మొదట కోరుకొనును. ఆ ఆటగాడు నిజమైన పోటీలో ఎన్ని పాయింట్లు తెచ్చునో అన్నియు వానిని కోరుకొన్న బాలుని లెక్కలో పడును. దీనినే లోకమున ఫాంటసీ ఆట యందురు. ఇది పనికిమాలిన పని యని ఉపాధ్యాయుల గదిలో కొందఱనిరి. వారితో నేనేకీభవింపను. అయితే బాలురు క్రొత్త ఆటగాండ్రను కోరుకొను రీతిలో ఒక పొరపాటున్నది. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఈ వినోదము పుట్టినది అమెరికాలో. 1962లో ఓక్లాండు నగరమునకు చెందిన వింకెన్‌బాక్ అనునతడు మిత్రులతో కలిసి దీని నియమములను కల్పించెను. మఱుసటి యేడు మొదటి ఎంపిక జరిగెను. అచటి ఫుట్‌బాలు మన మెఱిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. అందు రన్నింగ్ బ్యాక్ అనువాడు బంతిని పొదివికొని ఎదిరిగుంపులోనికి దూరును, పడద్రోయబడును, లేచి మరల దూరును. ఒంటరిగా కూత పెట్టుచు ఏడుగురి నడుమకు పోవు మన రైడరునకు అతడే దగ్గఱి చుట్టము. ఇరువురును పాయింట్ల గనులే. ఇరువురి మోకాళ్ళును త్వరగా చెడునవే. ఇంతవఱకు ఒక్క ఆటయు ఆడని క్రొత్త రన్నింగ్ బ్యాకును ముందుగా కోరుకొనవచ్చునా యని డాలసులోనున్న మన పూర్వవిద్యార్థి యొకడు, నేనేదో ఎఱిగినవాడనైనట్లు, నన్నడిగెను. మన వరండాలోని బాలురడుగు ప్రశ్నయు అదియే.

నా యభిప్రాయమిది. క్రొత్తవాని బలమెంత యని యడుగుటకు ముందు వానికి ఎన్ని తరుణములు దొరకునని యడుగవలెను. ఆట నలువది నిమిషములు. కూతకు ముప్పది సెకండ్లు. ఒక్కొక్క జట్టునకు సుమారు 40 కూతలు వచ్చును. అందు సగము వఱకు ప్రధాన రైడరే పోవును. తక్కినవి ఇద్దఱు ముగ్గురు పంచుకొందురు. మూడవవానికి చిక్కునవి తఱచుగా ఎవ్వరును కోరని కూతలు: రెండు కూతలు వట్టిపోయిన పిమ్మట పాయింటు తెచ్చియైన తీరవలెను, లేదా బయటికి నడువవలెను. వాడెంత చుఱుకైనవాడైనను ఆ కూతలతో మీ గడి నిండదు.

పవన్ సెహ్రావత్ కథయే చూడుడు. 2017లో గుజరాత్ జట్టులో నుండగా అతనికి ఆడు అవకాశములే అరుదు. 2018లో బెంగళూరు జట్టు అతనిని ముందు నిలిపెను. ఆ పోటీలలో అతడు 271 రైడు పాయింట్లు తెచ్చెను. 2019 జనవరి 5వ తేదీన జరిగిన తుదియాటలో ఒక్కడే 22 పాయింట్లు సాధింపగా బెంగళూరు 38–33తో గెలిచెను. ఓడినదెవరనుకొంటిరి? ఆ గుజరాత్ జట్టే. ఏడాదిలో అతని కాళ్ళు మాఱలేదు. కూతల లెక్క మాఱినది.

ఆ 2018లోనే సిద్ధార్థ్ దేశాయి యను క్రొత్తవానిని ముంబయి జట్టు 36.4 లక్షలకు తీసికొనెను. అతడు మొదటి యేటనే 218 రైడు పాయింట్లు తెచ్చెను. మఱుసటి యేడు మన తెలుగు టైటాన్సువారు అతనికై 1 కోటి 45 లక్షలు పోసిరి. అతడు ఇంచుమించు అన్ని పాయింట్లే తెచ్చెను. టైటాన్సు మాత్రము పండ్రెండు జట్లలో పదునొకండవ స్థానమున నిలిచినది. తరువాతి పోటీలలో అతడు ఆరంభముననే గాయపడెను. పాయింట్లు అవే, వెల నాలుగింతలు! వెల పెరుగకముందు కోరుకొన్నవానిదే లాభము. అందువలన క్రొత్త రైడరును మొదటి చుట్టులో కోరుకొనుట నాకిష్టము లేదు. నాలుగవ, ఐదవ చుట్టులలో ఒక్కనికి మాఱుగా ఇద్దఱిని కోరుకొనుడు. ప్రధాన రైడరు జట్టు విడిచిపోగా ఆ చోటు ఖాళీగా నున్న జట్టులోని వారిని చూచికొనుడు.

అమెరికాలోను ఇదే వరుస. 2012లో మూడవవాడుగా ఎన్నికైన ట్రెంట్ రిచర్డ్‌సనును రెండవ యేటనే అతని జట్టు వదలుకొనెను. 2017లో మూడవ చుట్టు వఱకు మిగిలిపోయిన ఆల్విన్ కమారా ఆ యేటి ఉత్తమ నూతన ఆటగాడయ్యెను. అయితే 2018లో రెండవవాడుగా ఎన్నికైన సాక్వన్ బార్క్‌లీ మొదటి యేటనే 2,028 గజములు సాధించి నా వాదమునకు ఎదురు నిలుచుచున్నాడు. ఒప్పుకొందును. కాని అతని జట్టు మొదటి దినము నుండియు బంతిని అతని చేతికే ఇచ్చినది. 2020లో రెండవ యాటలోనే అతని మోకాలు దెబ్బతినగా ఆ యేడంతయు పోయినది.

మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ విత్తనమును తెచ్చి చౌడునేలలో చల్లు రైతెవడైన నున్నాడా? మా తండ్రిగారు విత్తనపు సంచి విప్పక ముందే చేను త్రవ్వి చూచెడివారు.

డబ్బు మాట యొకటి. తెలంగాణమున 2017 నుండియు పైకము పెట్టి ఆన్‌లైనులో ఇట్టి ఆటలాడుట నిషిద్ధము. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసినది. అంతకుముందు పొరుగు రాష్ట్రమున చదువుచుండిన మన పూర్వవిద్యార్థి యొకడు చెల్లెలి కళాశాల రుసుమును ఇందులో పోగొట్టుకొని నా యింటికి వచ్చి తల వంచుకొని కూర్చుండెను. సుద్దగడుల ఆటలో ఒక్క పైసా చేరినను గడులను నేనే తుడిచివేయుదును. ఇది బాలురెఱుగుదురు.

దీనికంటె నన్ను కలవరపెట్టినది వేఱొకటి. 2022 అక్టోబరులో తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు కొన్న పవన్ మొదటి యాటలోనే మోకాలికి దెబ్బ తగిలి పడిపోయెను. అతడు మఱల ఆడడని తెలియగానే వరండాలో ఒక బాలుడు చప్పట్లు చఱచెను. పవన్ వాని జట్టులో లేడు, ప్రత్యర్థి జట్టులో నుండెను! “సారూ, మనుష్యులను కొనుట అమ్ముట నేర్పుచున్నామా మనము?” అని లెక్కల ఉపాధ్యాయులు నన్నడిగిరి. నాకు జవాబు దొరకలేదు. మఱునాడు ఒక నియమము చేర్చితిని: ఎవని ఆటగాడు గాయపడునో వాడు పాయింట్లు పోకుండ మఱియొకనిని కోరుకొనవచ్చును. అప్పటి నుండి చప్పట్లు వినబడలేదు. మనసులో కొట్టుకొనుచున్నారేమో నేనెఱుగను.

ఇంత వ్రాసిన నేనును తప్పు చేయనివాడను కాను. మన పాఠశాల జట్టు బాధ్యత నాది. గడచిన యేడు తొమ్మిదవ తరగతి బాలు నొకనిని, సన్నగా నున్నాడని, అన్ని ఆటలకును గట్టుపైననే కూర్చుండబెట్టితిని. మండలస్థాయి కడపటి యాటనాడు మన ప్రధాన రైడరునకు జ్వరము వచ్చెను. వేఱు దిక్కు లేక వీనిని పంపితిని. పదునాలుగు కూతలకు పోయి తొమ్మిది పాయింట్లు తెచ్చెను. ఆట ముగిసిన పిదప నా యొద్దకు వచ్చి, “ముందెందుకు పంపలేదు సార్?” అని యడుగలేదు, నీళ్ళు త్రాగి చెప్పులు వెదకికొనుచు పోయెను. ఇప్పుడు వాడు పదవ తరగతి. పాత రైడరునకు జ్వరము తగ్గినది. ఈ యేటి మొదటి యాట వచ్చు సోమవారము; ఆరంభమున కూతకు ఎవనిని పంపుదునని ఇద్దఱును నా ముఖము చూచుచున్నారు.