రాత్రి బస ఎంత ఎత్తులోనో టూరు కాగితంలో రాయాలి

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత హిమాలయ యాత్రికులకు, టూరు నిర్వాహకులకు)

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తులో కూడా లేవు. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు, లడఖ్‌లోని లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మిరప అమ్మకాలు ముగిశాక మే నెల వడగాడ్పుల్లో బయలుదేరిన కుటుంబం కొద్ది రోజులకే మంచు కొండల మీద ఉంటుంది. అంత ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు కావాలి. ఆ రోజులను టూరులో ముందే కలపాలి.

ఎత్తుకు వెళ్తే ఏమవుతుంది?

ఎంత ఎత్తుకు పోయినా గాలిలో ఆక్సిజన్ వాటా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 3,500 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో కంటే దాదాపు మూడోవంతు తక్కువ. ఒళ్లు సర్దుకోకముందే పైకెక్కితే తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి, నిద్ర పట్టదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గితే నురగ పడుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. అడుగులు తూలడం, మనిషి అయోమయంగా మాట్లాడటం మెదడు వాపుకు గుర్తులు. ఈ రెండూ ప్రాణాంతకమే. రోగిని ఆలస్యం చేయకుండా కిందికి దించాలి, ఆక్సిజన్ పెట్టాలి. రోజూ పొలం పని చేసే యువకుడికి కూడా ఇవి రావచ్చు.

తొందర ఎక్కడ జరుగుతోంది?

రోజులు తగ్గితే టూరు ధర తగ్గుతుంది. అందుకే ఉత్తరాఖండ్‌లోని నాలుగు ధామాలను (చార్‌ధామ్) పది రోజుల్లో చుట్టేసే పథకాలకు గిరాకీ ఎక్కువ. సుమారు 1,300 మీటర్ల ఎత్తున్న గుప్తకాశీలో పడుకుని, తెల్లవారాక గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు ఎక్కి, ఆ రాత్రి కేదార్‌నాథ్‌లో పడుకుంటే ఒక్క రోజులో రెండువేల మీటర్లకు పైగా తేడా వస్తుంది. హెలికాప్టర్ అయితే ఆ తేడాను నిమిషాల్లో దాటిస్తుంది. ఢిల్లీ నుంచి లేహ్‌కు విమానంలో సుమారు గంటన్నరే పడుతుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి బసను రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కకుండా ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు.

మిగులు రోజులు వాతావరణం వల్ల కూడా అవసరం. 2013 జూన్ 16, 17 తేదీల్లో కుండపోత వానకు చోరాబారీ సరస్సు గట్టు తెగి కేదార్‌నాథ్ వరదలో మునిగింది. వేలమంది చనిపోయారు. కొండల్లో చిక్కుకున్నవారిలో తెలుగు యాత్రికులు ఎందరో ఉన్నారు. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి. వానలు తగ్గిన సెప్టెంబరు చివర, అక్టోబరు నెలలు చార్‌ధామ్ ప్రయాణానికి మేలు.

చేయవలసినవి

1. టూరు కాగితంలో ప్రతి రాత్రి బస పక్కన దాని ఎత్తు మీటర్లలో అచ్చువేయాలి.

2. కేదార్‌నాథ్‌కు ముందు గౌరీకుండ్ లేదా సోన్‌ప్రయాగలో ఒక రాత్రి ఆగాలి. గంగోత్రికి ముందు హర్సిల్‌లో ఆగాలి. లేహ్‌లో దిగాక రెండు రోజులు ఊళ్లోనే విశ్రాంతి తీసుకోవాలి. ఖర్దుంగ్‌లా కనుమ, పాంగాంగ్ సరస్సు ఆ తర్వాతే.

3. దారి మూసుకుపోయినా తిరుగు రైలు తప్పిపోకుండా ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి.

4. బయలుదేరడానికి నెల ముందే బీపీ, షుగరు, గుండె పరీక్షలు చేయించుకోవాలి. ఎత్తుకు వాడే మాత్రలు డాక్టరు చెబితేనే వేసుకోవాలి. అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. 13 ఏళ్లలోపు, 70 ఏళ్లు దాటినవారికి అనుమతి లేదు. చార్‌ధామ్‌కు ఉత్తరాఖండ్ ప్రభుత్వం వద్ద ముందే పేరు నమోదు చేసుకోవాలి.

5. ప్రతి బృందం వెంట ఆక్సీమీటరు ఉండాలి. తలనొప్పి, వాంతులు ఉన్నవారిని పైకి తీసుకెళ్లకూడదు. కిందికి దిగాల్సి వస్తే తోడుగా వెళ్లే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాలి.

వీటికయ్యే అదనపు ఖర్చు రెండు మూడు రోజుల బస, భోజనం. మొక్కుబడి తీర్చుకోను వెళ్లిన పెద్దవాళ్లు క్షేమంగా ఇల్లు చేరడానికి అది ఎక్కువేమీ కాదు. బుకింగ్ రోజునే ఎత్తుల పట్టిక అడిగి తీసుకోండి. అది ఇవ్వని టూరుకు అడ్వాన్సు కట్టకండి.