కెమెరా కబుర్లు: జోగ్‌లో మూడు వానలు

కిందటి సంచికలో గండికోట ఎండ గురించి వ్రాశాను గదా. అది చదివిన సభ్యురాలొకావిడ మొన్న ఉగాది కార్యక్రమంలో నన్ను పట్టుకుని, "ఎండ సంగతి సరేనండీ, వానలో ఏం చెయ్యాలి? ఆగస్టులో మేము జోగ్ వెళ్తున్నాం" అని అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. పైగా నా చేతిలో పులిహోర పళ్లెం ఉంది. పత్రికలో వ్రాస్తానని చెప్పి తప్పించుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

జోగ్ విషయంలో నాకు అంతకంటె పాత బాకీ ఇంకొకటి ఉండేది. అది మా మామగారికి పడిన బాకీ. తీరడానికి 32 ఏళ్లు పట్టింది.

మామగారిది హిందూపురం. 1958లో, కుర్రతనంలో, స్నేహితులతో బస్సులెక్కి దిగి వానాకాలంలో జోగ్ చూసి వచ్చారట. శరావతి నది 830 అడుగుల పైనుంచి దూకే చోటు అది. అప్పటికి లింగనమక్కి ఆనకట్ట లేదు. అంతకు ముందే హిరేభాస్కర ఆనకట్ట ఉన్నా, అది ఇంత పెద్దది కాదు. 1964లో లింగనమక్కి పూర్తయ్యాక, సుమారు 150 టీఎంసీల నీళ్లు అక్కడే నిలబడిపోతున్నాయి. కరెంటుకు పోను, ఆనకట్ట నిండి గేట్లు ఎత్తిన ఏడాదే జోగ్‌కు నిండు రూపం. "దూకేది నీళ్లా పాలా తెలియలేదప్పా. మా దగ్గర కెమెరా ఉంటే ఎంత బాగుండును" అని ఆయన చెప్పని పండుగ లేదు. కొత్త అల్లుణ్ణి, చేతిలో జెనిత్ కెమెరా ఉంది. "నేను తీసుకొస్తాను మామా" అనేశాను.

మొదటి వాన 1986 జూలైలో. సాగర దాకా బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు. దిగి చూస్తే జోగ్ లేదు! చప్పుడు ఉంది, తుంపర ఉంది, ఎదురుగా తెల్లటి గోడలా మబ్బు. రోజంతా నిలబడితే ఒకటి రెండుసార్లు ఏదో నల్లగా కనబడి మాయమైంది. మీటరు ముల్లు చూపించినట్టే ఎక్స్‌పోజర్ పెట్టి ముప్పై ఆరు బొమ్మలూ తీసేశాను. కడిగించి తెస్తే అన్నీ ఒకే బూడిద రంగు. మామగారు ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఏమప్పా, జోగ్‌కు పోయినావా, మీ వీధి చివర గోడకు పోయినావా?" అన్నారు.

తప్పు నాదే. కెమెరాలో మీటరుకు ముందున్నది మబ్బో, బొగ్గో తెలియదు. ఏది చూసినా నడిమి రకం బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. తెల్లటి మబ్బు చూపిస్తే, వెలుతురు ఎక్కువైందని భయపడి తగ్గించేస్తుంది. కాబట్టి పొగమంచులో మీటరు చెప్పిన దానికంటె ఒక స్టాపు, దట్టంగా ఉంటే ఒకటిన్నర ఎక్కువ ఇవ్వాలి. సెల్‌ఫోను వాళ్లు తెర మీద వేలు నొక్కి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే అదే పని అవుతుంది.

రెండో వాన 1997లో. ఈసారి మబ్బు కరుణించింది గాని ఆనకట్ట కరుణించలేదు. రాజా, రోరర్, రాకెట్, రాణి నాలుగూ పిల్లల జడల్లా సన్నగా వేలాడుతున్నాయి. అంత దూరం వచ్చాను గదా అన్న ఉక్రోషంతో, కటకటాలు బొమ్మలో పడకుండా ఉండాలని పిట్టగోడ దాటి నాలుగడుగులు ముందుకు వెళ్లాను. కన్ను కెమెరాలో, కాలు పాచి పట్టిన రాతి మీద. "ఓ స్వామీ, హిందె బన్ని!" అని వెనకనుంచి టీ కొట్టాయన కేక వేశాడు. ఉలిక్కిపడి తిరగడంలో కాలు జారి, నేను చతికిలబడ్డాను. నా స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన ట్రైపాడ్ మాత్రం చేయి జారి లోయలోకి వెళ్లిపోయింది. కింద పడ్డ చప్పుడు వినబడుతుందేమోనని చెవి ఒగ్గాను. వినబడలేదు. ఆ టీ కొట్టాయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, డబ్బులు తీసుకోకుండా పావుగంట తిట్టాడు. ఈ సంగతి మా శ్రీమతికి ఇంతవరకు చెప్పలేదు. పత్రిక ఇంటికి వస్తుంది కాబట్టి, ఇవాళ రాత్రే చెప్పుకోవాలి.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కన్ను కెమెరాలో ఉండగా కాలు కదపను. కాలు కదిపేటప్పుడు కెమెరా దించేస్తాను. ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది, దానితో తమ ముఖం తాము తీసుకుంటూ వెనక్కు నడుస్తున్నారు. వెనక్కు!

కష్టమైన చోట బొమ్మ తీయడమంటే దూకుడు కాదని పెద్దల సంగతులు చదివితే తెలుస్తుంది. సామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1866లో హిమాలయాల్లో 18 వేల అడుగుల పైనున్న మనీరంగ్ కనుమ దగ్గర బొమ్మలు తీశాడు. అప్పట్లో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, అక్కడే చీకటి డేరాలో కడగాలి. అవన్నీ మోయడానికి కూలీల బారు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ అనే కొండ ముందుకు చేరేసరికి రెండు పలకలే మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. కొండ తన కంటికి కనబడినంత గంభీరంగా రాదనిపించి, రెండోది ఎర్ర ఫిల్టరు వేసి తీశాడు. ఆకాశం నల్లబడి కొండ లేచి నిలబడింది. రెండే ఉన్నాయి కాబట్టి ఆలోచించాడేమో! ముప్పై ఆరు ఉన్న నేను ఆలోచించలేదు.

మూడో వాన 2018 ఆగస్టులో. లింగనమక్కి గేట్లు ఎత్తారని తెలియగానే మా అబ్బాయిని వెంటబెట్టుకుని రాత్రి తాళగుప్ప రైలెక్కాను. పొద్దున్న దిగితే జోగ్ పదిహేను కిలోమీటర్లు. లాడ్జిలో ఏసీ వెయ్యనివ్వలేదు. చల్లటి గదిలోంచి తేమగాలిలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. ఏడింటికల్లా కొత్త ట్రైపాడ్ కటకటాలకు ఇవతలే పెట్టాను. కెమెరాకు ప్లాస్టిక్ సంచీ తొడిగి, అద్దం పట్టేంత చిల్లు చేసి రబ్బరు బ్యాండు వేశాను. నేల వైపు వంచి ఉంచాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్లు పంచె ముక్కలు అరడజను జేబులో. వాటిని మించిన తుడుపుగుడ్డ నేను కొనలేదు. మబ్బులో ఆటో ఫోకస్ దేన్నీ పట్టుకోలేక అటూ ఇటూ తిరుగుతుంది గనుక, అది ఆపేసి చేత్తోనే దూరానికి సరిచేశాను. ఎక్స్‌పోజర్ కూడా ముందే పెట్టాను. మా వాడు గొడుగు పట్టుకున్నాడు. ఫోను తెర తడిస్తే వేలు పనిచెయ్యదని, శబ్దం పెంచే మీటతో కూడా ఫోటో పడుతుందని ఆ రోజు వాడే నాకు చెప్పాడు.

ఎనిమిది, తొమ్మిది, పది. టీలు తాగాం. పాత టీ కొట్టు లేదు, ఆయన గురించి అడిగాను, ఎవరికీ తెలియలేదు. పదకొండు దాటాక చప్పుడు మారినట్టనిపించింది. గాలి తిరిగింది. మబ్బు కింది నుంచి పైకి, చాప చుట్టినట్టు లేచింది. నాలుగు పాయలూ విడిగా లేవు, కొండ అంచు అంతా నీళ్లే. పాలు కాదు, ఎర్రమట్టి నీళ్లు. ఒక నిమిషం కూడా లేదు. పదకొండు బొమ్మలు తీశాను.

నీళ్లు పట్టుదారంలా రావాలని షటరు అరసెకను తెరిచి ఉంచేవాళ్లున్నారు. చిన్న సెలయేటికి అది అందమే. వరద జోగ్‌ను అలా తీస్తే దువ్విన జుట్టులా ఉంటుంది. నేను 1/250 పెట్టాను. నీటి ముద్దలు విరిగి పడటం కనబడాలి.

అప్పటికి మామగారికి ఎనభై దాటాయి. చూపు బాగా తగ్గింది, సన్నటి గీతలు తెలియవు, నలుపు తెలుపుల తేడా తెలుస్తుంది. అందుకే రంగు తీసేసి, రెండడుగుల వెడల్పున నలుపు తెలుపు ప్రింటు వేయించాను. కిటికీ దగ్గర కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. వేలితో ఎడమనుంచి తడుముతూ, "ఇది రాజా... ఇది రోరరు..." అన్నారు. చాలాసేపు చూశారు. తరవాత నా వైపు తిరిగి, "అంతా బాగుంది గానీ, దీంట్లో చప్పుడు లేదే అప్పా" అన్నారు.

మా అబ్బాయి ఫోను తీశాడు. నేను బొమ్మలు తీస్తుండగా వాడు గొడుగు భుజానికి ఆన్చుకుని వీడియో తీశాడట. నాకు తెలియనే తెలియదు. శబ్దం పూర్తిగా పెంచి తాతగారి చెవి దగ్గర పెట్టాడు. ఆయన ప్రింటు మీద చెయ్యి అలాగే ఉంచి, "ఇంగొకసారి పెట్టప్పా" అన్నారు.