ఆటల గంట

1872లో టోక్యో నగరమున ఆంగ్లము బోధించుచుండిన అమెరికా దేశీయుడు హొరేస్ విల్సన్ తన విద్యార్థులకు బేస్‌బాల్ నేర్పెను. 1994లో హిరోషిమా ఆసియా క్రీడలలో ఆ ఆటకు తొలిసారి పతకములేర్పడగా స్వర్ణము జపానునకే దక్కెను. ఒక ఉపాధ్యాయుడు నాటిన మొక్క 122 ఏండ్లకు ఆ ఫలమొసగెను.

మన చెడుగుడు నేర్పుటకు పరదేశి రానక్కరలేదు. గీత గీయుటకు నేల, కూత పెట్టుటకు ఊపిరి చాలును. 1990లో బీజింగున అది కబడ్డీ పేర ఆసియా క్రీడలలో చేరినది మొదలు 2014 వరకు స్వర్ణము భారతదేశమును వీడలేదు. 2018లో జకార్తాలో పురుషుల స్వర్ణమును, స్త్రీల స్వర్ణమును ఇరాను గెలుచుకొనెను. 2023లో హాంగ్‌జౌలో ఆ రెండును మరల మనకు వచ్చినవి. పుట్టినిల్లు మనదైనంత మాత్రమున ఆట మనది కాదు. సాధన చేసినవారిదే ఆట.

తోటపల్లి గూడూరు వంటి తీరగ్రామములలో ఆటకు ఇసుకనేల కొదవ లేదు. కొరతయంతయు కాలమునకే. పరీక్షలు సమీపించినంతనే ఆటల గంట లెక్కల గంటగా మారుట మన పాఠశాలలకు పాత అలవాటు. పరీక్షల భయము నిజమే. కాని తీసికొన్న గంటను పిల్లలకు తిరిగి ఇచ్చువారెవరు? ఉపాధ్యాయులు దానిని కాపాడవలెను. విద్యార్థులు వినయముతోనే అడిగి పుచ్చుకొనవలెను.