లెక్కలో లేని దిగులు

దేశంలో ప్రతి వంద మంది పెద్దల్లో దాదాపు 11 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే తేల్చింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదట. అయితే సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. పక్కనున్న తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ మాత్రం ఉన్నాయి.

లెక్కపెట్టడమూ తేలిక కాదు. ఒంట్లో షుగర్ ఎంతుందో మిషన్ చెప్తుంది. దిగులు ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలైందో ఏ మిషనూ చెప్పదు, మనిషి నోటి మాటను బట్టే తేలాలి. పాతబస్తీలో ఓ తల్లి ‘ఘబ్రాహట్’ అంటుంది. పాలమూరు రైతు ‘మనసు మంచిగ లేదు’ అంటాడు. ఇంకొకరు నిద్ర పడ్తలేదని గోలీ అడిగి ఊరుకుంటారు. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నపత్రంలో ఇవి ఏ గడిలో పడతాయి? ఏది బాధ, ఏది రోగం అన్నది డాక్టర్లు ఒక్కరే తేల్చే సంగతి కాదు. తత్వశాస్త్రం, భాష తెలిసినవాళ్లూ కూర్చోవాలి.

2017 చట్టం మానసిక చికిత్సను హక్కు చేసింది. 2022 నుంచి 14416 టెలీ మానస్ ఫోన్ లైన్ కూడా నడుస్తోంది. ఆ ఫోన్ ఎత్తేవాళ్లకైనా ముందు ఈ మాటలు అర్థం కావాలి కదా. ఉస్మానియాలో మనస్తత్వశాస్త్రం, తత్వశాస్త్రం, తెలుగు శాఖలున్నాయి. గచ్చిబౌలిలో ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. వీటిని ఎర్రగడ్డ ఆస్పత్రి డాక్టర్లతో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ప్రభుత్వానిదే.