మూడు నెలల లెక్క, ముప్ఫై ఏళ్ల ఇనుము

గత ఉగాది వేడుకలనాడు, పచ్చడి పంపకం ముగిసి భోజనాల వరుస మెల్లగా కదులుతున్న వేళ, మన సంఘ సభ్యులైన ఒక మిత్రులు నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం చూపించారు. సహజవాయువును గొట్టపుమార్గాల ద్వారా రవాణా చేసే ఒక కంపెనీ వెలువరించిన త్రైమాసిక ఫలితాల పత్రమది. పదవీ విరమణ అనంతర జీవితానికని దాచుకొన్న సొమ్ములో కొంత భాగాన్ని వారు ఆ కంపెనీ వాటాలలో పెట్టారు. "డాక్టరుగారూ, మీరు చమురు రసాయనాలతో పనిచేసేవారు గదా! లాభం పెరిగిందని రాశారు. ఇది ఉంచుకోదగినదో కాదో ఒకసారి చూసి చెప్పండి" అన్నారు. లెక్కల శాస్త్రం నా వృత్తి కాదు. ఇనుము తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాల పరిశోధన నా వృత్తి. అయినను ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకొని రెండుసార్లు శ్రద్ధగా చదివాను. నాకు కావలసిన అంకె అందులో కనబడలేదు. ఆ అంకె ఏమిటో, అది అక్కడ ఎందుకు ఉండాలో పాఠకులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చమురు, గ్యాసు వ్యాపారాన్ని ఒక నదితో పోల్చి మూడు భాగాలుగా చెప్పడం ఆ పరిశ్రమలో ఆచారం. బావి తవ్వి ఇంధనాన్ని పైకి తీసేది ఎగువ భాగం. శుద్ధి చేసి వినియోగదారునికి అమ్మేది దిగువ భాగం. ఈ రెండింటి నడుమ సేకరించడం, నిలవచేయడం, గొట్టాలలో తరలించడం నడిమి భాగం. గోదావరి జిల్లాలవారికి ఈ విభజనను వివరించవలసిన అవసరమే లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి మన కాలువలు చేస్తున్నది ఈ నడిమి పనే. కాలువకు ధాన్యం ధరతో నిమిత్తం లేదు. నీరు పారినందుకు తీరువా వస్తుంది. అలాగే గొట్టపుమార్గపు కంపెనీ కూడ గ్యాసు ధర హెచ్చినా తగ్గినా, ఎంత పరిమాణం ఎంత దూరం తరలించిందనే దానిపై సుంకం వసూలు చేసుకొంటుంది. భారతదేశంలో ఆ సుంకాన్ని 2006 నాటి చట్టం క్రింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. పెట్టిన పెట్టుబడిపై పన్నులు పోగా 12 శాతం ప్రతిఫలం లభించేటట్లు ఆ లెక్క కడతారు. అందుచేతనే ఉద్యోగ విరమణకు దగ్గరపడుతున్నవారికి ఇటువంటి కంపెనీలంటే మక్కువ. ఆటుపోట్లు తక్కువ, డివిడెండు క్రమంగా వస్తుంది.

ఇక ఆ పత్రం సంగతి. మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో ఉన్నది నికరలాభం కాదు, ఎబిట్డా అనే అంకె. వడ్డీలు, పన్నులు, తరుగుదల తీసివేయక మునుపటి ఆదాయం అన్నమాట. తరుగుదల అంటే చేతినుంచి రొక్కం పోదు గనుక, దానిని పక్కనపెట్టి చూస్తేనే కంపెనీ అసలు బలం తెలుస్తుందని ఆర్థికవేత్తల వాదన. అప్పులిచ్చే బ్యాంకు దృష్టితో చూస్తే ఈ వాదన సబబే. అయితే తరుగుదల అనే మాటకు లెక్కల పుస్తకంలో ఒక అర్థం, నా ప్రయోగశాలలో మరొక అర్థం ఉన్నవి. గుమాస్తా దృష్టిలో అది గొట్టం వెలను దాని ఆయుష్షుతో భాగించగా వచ్చే సమభాగం, ఏటేటా మారని సంఖ్య. నా దృష్టిలో అది సాక్షాత్తు ఇనుము కరిగిపోవడం. ఇది సమభాగాలుగా జరగదు, గుమాస్తాకు చెప్పి జరగదు.

గొట్టంలో తుప్పు ఎలా పుడుతుందో రెండు మాటలలో చెబుతాను. బావినుంచి వచ్చే సహజవాయువులో ప్రధానమైనది మీథేను. దానివల్ల ఉక్కుకు ఏ హానీ లేదు. కాని దానితోపాటు కొంత బొగ్గుపులుసు వాయువు, కొన్నిచోట్ల హైడ్రోజన్ సల్ఫైడు, నీటి ఆవిరి, కండెన్సేటు అనే తేలిక చమురు కూడ వస్తాయి. నీరు లేనంతవరకు బొగ్గుపులుసు వాయువు కూడ సాధువే. గొట్టం చల్లబడి ఆవిరి నీరైనదా, ఆ వాయువు అందులో కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. మనం త్రాగే సోడాలో ఉండేదీ అదే. ఆ ఆమ్లం ఉక్కులోని ఇనుమును కార్బొనేటుగా మార్చి తినివేస్తుంది. మా వృత్తివారు దీనిని తీపి తుప్పు అంటారు. హైడ్రోజన్ సల్ఫైడు వల్ల వచ్చేది పులుపు తుప్పు. పేర్లు చూసి మోసపోరాదు, రెండూ చేదే! నీరు చేరేది గొట్టం అడుగున, అందులోనూ పల్లపు చోట్ల. కనుక పైభాగం కొత్తదానివలె మెరుస్తుండగానే అడుగు పలుచబడుతూ ఉంటుంది.

దీనికి మందు తెలియనిది కాదు. గ్యాసును గొట్టంలోకి పంపే ముందే ట్రై ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంతో కడిగి తడి తీసివేయాలి. నిలిచిన నీటిని తరచు తోసివేయాలి. తుప్పును నిరోధించే రసాయనాలు కలపాలి. గొట్టం లోపలే ప్రయాణించి గోడల మందాన్ని కొలిచే పరికరాలను కొన్నేళ్లకొకసారి పంపాలి. ఈ పరికరానికి పరిశ్రమలో పిగ్గు అని పేరు, అనగా పంది! ప్రతి పనికీ ఖర్చున్నది. ఆ ఖర్చు ఆ త్రైమాసికంలోనే లెక్కకు ఎక్కుతుంది. దానివల్ల ఒనగూడిన మేలు మాత్రం ఏ త్రైమాసికంలోనూ కనబడదు, ఏలననగా జరగని ప్రమాదానికి లెక్కలలో వరుస లేదు.

ఒక చిన్న గణితం చేద్దాము. గొట్టం గోడ మందం 8 మిల్లీమీటర్లనుకొందాము. ఏడాదికి 0.4 మిల్లీమీటరు చొప్పున తుప్పు తింటున్నదనుకొందాము. తడి గ్యాసు విషయంలో ఇది అసాధారణమైన వేగం కాదు, ఇంతకు పదింతలు కూడ చూసినవారున్నారు. అప్పుడు మూడు నెలలలో పోయేది 0.1 మిల్లీమీటరు, అంటే సుమారు ఒక తలవెంట్రుక మందం. ఒక తలవెంట్రుక కోసం ఏ యజమాని ఈ త్రైమాసికపు లాభాన్ని తగ్గించి చూపుకొంటాడు? పదేళ్లు గడిచేసరికి గోడలో సగం మిగలదు. ఆ నలభై త్రైమాసికాల ఫలితాలూ ముచ్చటగానే ఉండవచ్చును.

ఇది ఊహాచిత్రం కాదని మన జిల్లాలోనే రుజువైనది. తాటిపాకనుంచి కొండపల్లి విద్యుత్కేంద్రం వైపు గ్యాసును తీసుకొనిపోయే గెయిల్ సంస్థవారి 18 అంగుళాల గొట్టం, 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో ప్రేలినది. ఇరవైమందికి పైగా మరణించారు. ఇళ్లు, కొబ్బరితోటలు మాడిపోయినవి. పొడి గ్యాసు కోసమని నిర్మించిన గొట్టంలో తడి గ్యాసు ప్రవహించడం, తడిని తొలగించే యంత్రాంగం లేకపోవడం, లోపలి తుప్పు దీనికి కారణాలని పెట్రోలియం మంత్రిత్వశాఖ నియమించిన విచారణ సంఘం తేల్చినది. మా మేనమామగారి ఊరు అక్కడికి ఎక్కువ దూరం కాదు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులపాటు మండినప్పుడు ఉన్నతపాఠశాల విద్యార్థిగా వారి డాబాపైనుంచి రాత్రులు ఆ వెలుగును చూసినవాణ్ణి. అది ఎగువ భాగపు ప్రమాదం, భూగర్భంలోని ఒత్తిడి అదుపు తప్పడంవల్ల వచ్చినది. నగరంలో జరిగినది వేరు. అక్కడ ప్రకృతి తిరగబడలేదు. పాఠ్యపుస్తకంలో ఉన్న రసాయన చర్య పాఠ్యపుస్తకంలో చెప్పినట్లే జరిగినది.

తేదీని మరొకసారి చూడండి. జూన్ 27. ఆ త్రైమాసికం ముగియడానికి ఇంకా మూడు రోజులున్నది. అంతకు ముందు 2013-14 ఆర్థిక సంవత్సరంలో గెయిల్ నికరలాభం నాలుగువేల మూడువందల కోట్ల రూపాయలకు మించినది. పదివేల కిలోమీటర్లకు మించిన గొట్టాలు గల అంత పెద్ద సంస్థ లెక్కలలో కోనసీమలోని ఒక 18 అంగుళాల గొట్టం గోడ మందానికి చోటెక్కడ? లెక్కలు తప్పు అనడం నా అభిప్రాయం కాదు. అవి నిజమే అయి ఉండి కూడ, ఆ గొట్టం మీద నిద్రిస్తున్న గ్రామం గురించి ఒక్క ముక్కయినా చెప్పలేకపోవడమే నేను ఎత్తిచూపుతున్న సంగతి.

అదే నాటి తూర్పుగోదావరిలో దీనికి సరిగ్గా తలక్రిందులైన ఉదాహరణ మరొకటి ఉన్నది. రిలయన్సువారి కె.జి. డి-6 క్షేత్రపు గ్యాసు కోసం కాకినాడ సమీపంలోని గాడిమొగనుంచి గుజరాతులోని భరూచ్ వరకు 1,400 కిలోమీటర్ల నిడివిగల తూర్పు-పడమర గొట్టపుమార్గం 2009లో సిద్ధమైనది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యం దానిది. క్షేత్రంలో ఉత్పత్తి 2010లో 6 కోట్ల ఘనపు మీటర్లను తాకి, ఆపైన బావులలోకి నీరు, ఇసుక చొరబడి, కొద్ది సంవత్సరాలలోనే ఒక కోటికి లోపుగా పడిపోయినది. గొట్టంలో దోషమేమీ లేదు. పారవలసిన గ్యాసు లేదు. కాని రాబడి పరిమాణంతో ముడిపడి ఉన్నది, వడ్డీ మాత్రం ఖాళీ గొట్టానికీ నిండు గొట్టానికీ ఒక్కటే. చివరకు 2019లో కెనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డు సంస్థ నెలకొల్పిన ట్రస్టు దానిని 13,000 కోట్ల రూపాయలకు తీసుకొన్నది. గ్యాసు పంపినా పంపకపోయినా రిలయన్సు కొంత సామర్థ్యానికి 20 ఏళ్లపాటు సొమ్ము చెల్లించే ఒప్పందం కుదిరిన తరువాతనే ఆ బేరం సాధ్యమైనది. అంటే ఆనాడు ఆ గొట్టానికి విలువ కట్టినది ఉక్కును చూసి కాదు, ఒక కాగితాన్ని చూసి. ఒక చోట లెక్కలు చిక్కినవి, గొట్టం బాగున్నది. మరొక చోట లెక్కలు బాగున్నవి, గొట్టం చిక్కినది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పటినుంచి త్రైమాసిక ఫలితాలంటే నాకు నమ్మకం సన్నగిల్లినది.

"ఇదంతా ఎక్కడో ఇండియాలో సంగతి, ఇక్కడ మనకేమి?" అని అనుకోవద్దు. సింగపూరు విద్యుత్తులో సుమారు 95 శాతం సహజవాయువునుంచే వస్తున్నది. మలేసియానుంచి 1992లోను, ఇండొనేసియాలోని పశ్చిమ నటునా సముద్రక్షేత్రంనుంచి 2001లోను, దక్షిణ సుమత్రానుంచి 2003లోను గొట్టాలు వచ్చినవి. నటునా గొట్టం సముద్రగర్భంలో 600 కిలోమీటర్లకు పైగా ఉన్నది. 2004 జూన్ 29 రాత్రి ఆ సరఫరాకు అంతరాయం కలుగగా ఈ దీవిలో అనేక ప్రాంతాలు చీకటిలో మునిగినవి. పాత సభ్యులు కొందరు లిఫ్టులు ఆగి పది పన్నెండు అంతస్తులు ఎక్కిన కథ ఇప్పటికీ చెబుతారు. 2013లో జురాంగ్ ద్వీపాన ద్రవీకృత సహజవాయు కేంద్రం తెరిచాక ఒకే గొట్టంమీద ఆధారపడే భయం తగ్గినది. ఆ కేంద్రంలో కొంత భాగం ఎప్పుడూ అదనంగానే ఉంటుంది. త్రైమాసికపు కళ్లద్దాలతో చూస్తే అది వృథా ఖర్చు.

సింగపూరు స్టాక్ ఎక్స్ఛేంజి ఈ విషయంలో ఒక అడుగు వేసినది. 2003లో పెద్ద కంపెనీలన్నిటికీ త్రైమాసిక నివేదికలు తప్పనిసరి చేసి, 2020 ఫిబ్రవరి 7నుంచి ఆ నిబంధనను ఎత్తివేసినది. లెక్కలపై అనుమానాలున్న కంపెనీలకు మాత్రమే దానిని ఉంచినది. బ్రిటను అంతకుముందే 2014లో ఆ పని చేసినది. భారతదేశంలో మూడు నెలలకొకసారి, గడువు ముగిసిన 45 రోజులలోగా ఫలితాలు ప్రకటించాలన్న నియమం ఉన్నది. నేను సింగపూరు పక్షమే. అయితే మూడు నెలలను ఆరు నెలలు చేసినంత మాత్రాన తుప్పు కనబడుతుందా? ఒక తలవెంట్రుకకు బదులు రెండు తలవెంట్రుకలు, అంతే!

నేను కోరేది వేరు. గొట్టపుమార్గాల కంపెనీ ఏ ఫలితాలను ప్రకటించినా, వాటితోపాటు ఒక అర్ధపుట చేర్చాలి. ఈ కాలంలో ఎన్ని కిలోమీటర్ల గొట్టాన్ని లోపలినుంచి పరీక్షించారు, ఎంత భాగాన్ని పరీక్షించే వీలే లేదు, గోడ మందం హద్దుకంటె తగ్గిన చోట్లు ఎన్ని, వాటిలో ఎన్నింటిని మార్చారు, ఎన్నింటికి తాత్కాలికంగా బిగింపు వేసి వదిలారు, లోనికి వచ్చే గ్యాసులో తేమ ఎంత. నాకు కావలసిన అంకె ఇదే. ఈ వివరాలు పుట్టించవలసిన పని లేదు. గొట్టాల పటిష్ఠతను కనిపెట్టి ఉండాలని భారత నియంత్రణ మండలి 2012లోనే నిబంధనలు చేసినది, కనుక ఇటువంటి కొలతలు కంపెనీ బీరువాలో ఉండనే ఉంటాయి. నియంత్రణాధికారికి తెలిస్తే చాలదా, వాటాదారునికెందుకు అని ఒక ఆక్షేపణ వినబడుతుంది. విధ్వంసకుల చేతికి చిక్కుతాయని మరొకటి. రెండవదానిలో కొంత న్యాయమున్నది. చోట్ల పేర్లు చెప్పనక్కరలేదు, సంఖ్యలు చెబితే చాలును. మొదటిదానికి మాత్రం నేను ఒప్పుకోను. డివిడెండు పుచ్చుకొనే చేయి వాటాదారునిది. నిర్వహణ ఖర్చును కోస్తే పెరిగే లాభంలో అతడికి భాగమున్నది. ఆ కోత ఎక్కడ పడినదో తెలుసుకొనే బాధ్యత అతనికి లేకుండా ఎట్లా పోతుంది?

మన డెల్టా కాలువలను ఏటా వేసవిలో కట్టివేసి పూడిక తీసేవారు. ఒక ఏడు మానివేస్తే ఆ ఏడు ఖర్చు మిగిలేది, నీరూ పారేది. శివారు భూమి రైతుకు మాత్రం మూడో ఏటనో నాలుగో ఏటనో తెలిసివచ్చేది. ఆ రైతు వెళ్లి ఇంజనీరును అడిగేవాడు. గొట్టం విషయంలో శివారు రైతు ఎవరు?

మిత్రులకు కాగితం తిరిగి ఇస్తూ ఈ మాటలన్నీ చెప్పాను. వాటాలు అమ్మివేయమంటారా అని అడిగారు. వద్దన్నాను, ఆ కంపెనీ చెడ్డదని నాకేమీ తెలియదు గనుక. బదులుగా ఇద్దరమూ కూర్చొని కంపెనీ కార్యదర్శికి ఒక ఉత్తరం రాశాము. అయిదు ప్రశ్నలు, ఒకటే పుట. వారు సంతకం చేశారు. రానున్న వార్షిక సర్వసభ్య సమావేశంలోగా జవాబు కోరాము.