సముద్రానికి లెక్క ఉంది, చెరువుకే లేదు

సముద్ర జీవశాస్త్రజ్ఞుడంటే ఓడెక్కి, నీళ్లలో మునిగి, తిమింగిలాల వెంటపడి తిరిగే మనిషి అని చాలామంది ఊహ. కొడిమ్యాల నుంచి సముద్రం ఎటు చూసినా మూడువందల కిలోమీటర్ల పైమాటే. ఇక్కడి మనిషికి ఆ శాస్త్రంతో ఏమి పని అని ఎవరైనా అడిగితే తప్పు పట్టడానికి లేదు. అయితే ఆ శాస్త్రజ్ఞుడు రోజూ చేసే పని ఏమిటో విచారిస్తే, అది కొడిమ్యాల మండలంలోని చెరువు కట్టల మీద కూడా జరగవలసిన పనే అని తెలుస్తుంది.

విశాఖపట్నం చేపల రేవుకు బోట్లు చేరే వేళ వేలంపాటల అరుపుల మధ్య ఒక మనిషి కొలబద్ద, కాగితం పట్టుకుని నిలబడి ఉంటాడు. అతడు కొనడానికి వచ్చినవాడు కాదు. ఏ బోటు ఎన్ని గంటలు వల వేసింది, ఏ జాతి చేప ఎంత పడింది, దాని పొడవెంత, బరువెంత అని రాసుకుంటాడు. కొన్ని చేపల పొట్ట కోసి, ఏమి తిన్నది, గుడ్డు ఏ దశలో ఉన్నది చూస్తాడు. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశపు తీరం పొడవునా చేయిస్తున్న పని ఇది. ప్రతి బోటునూ లెక్కించడం ఎవరి తరమూ కాదు. అందుచేత కొన్ని రేవులు, కొన్ని రోజులు, కొన్ని బోట్లు ఎంచుకుని, వాటినుంచి మొత్తం అంచనా కడతారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి నాలుగు మెతుకులు పట్టి చూడడమే, కాకపోతే ఆ నాలుగు మెతుకులు ఏ మూలనుంచి తీయాలో దానికి ఒక పద్ధతి ఉంది.

ఈ లెక్క కాగితాల్లో మూలుగుతూ ఉండిపోలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మర బోట్ల వేట నిలిపివేస్తున్నారంటే, గుడ్లు పెట్టే కాలంలో చేపకు వెసులుబాటు ఇవ్వాలన్న ఎరుకే దానికి మూలం. 2015కు ముందు ఈ గడువు 47 రోజులే ఉండేది. గుడ్డుతో ఉన్న చేపను పట్టితే వచ్చే ఏడాది వల ఖాళీ అవుతుందని జాలరికి అనుభవంతో తెలుసు. శాస్త్రజ్ఞుడు చేసిందల్లా దాన్ని తేదీలతో, అంకెలతో రాసిపెట్టడం.

ఇక చెరువు సంగతి. తెలంగాణలో 2016లో ఉచిత చేపపిల్లల పథకం వచ్చింది. అదే ఏడాది కొడిమ్యాల కరీంనగర్ జిల్లానుంచి విడిపోయి జగిత్యాల జిల్లాలో చేరింది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో నీళ్లు నిలవడంతో ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు ఆశ కలిగింది. పథకం మంచిదే, అందులో సందేహం లేదు. కాని ప్లాస్టిక్ సంచులు విప్పి పిల్లలను నీళ్లలోకి వదిలేనాడు పెద్దలు వస్తారు, ఫొటోలు దిగుతారు, మరునాడు ఇదే పేజీలో అవి అచ్చవుతాయి. ఎండాకాలంలో చెరువు అడుగంటి వల లాగేనాడు తూకం వేసి చూసే పెద్దమనిషి కనబడడు. ఎన్ని పిల్లలు పోశారన్నది ప్రభుత్వ లెక్క. ఎన్ని బతికాయి, ఎంత బరువుకు వచ్చాయి అన్నది ఎవరి లెక్కా కాదు. మత్స్య సహకార సంఘాలకు డబ్బు పుస్తకాలు, పంపకాల పుస్తకాలు ఉంటాయి. చేప పుస్తకం ఉన్న సంఘాన్ని వెతకవలసి వస్తుంది.

ఆ పుస్తకం లేకపోవడం వలన జరిగే నష్టం చిన్నది కాదు. బొచ్చె, రవ్వ వంటి చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. పూర్వం పిల్లలకోసం నదుల్లో వెతుక్కోవలసి వచ్చేది. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించగలిగాడు. ఆ ప్రయోగం ఫలించిన జూలై 10వ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ సూదిమందు పుణ్యమే నేడు లారీలో కొడిమ్యాలకు వచ్చే చేపపిల్ల. అంటే ఏడాదికోసారి బయటనుంచి పిల్ల రావలసిందే. అది ఆలస్యమైతే చెరువు దాన్ని సరిచేయలేదు.

ఈ ప్రాంతపు కుంటలు చాలావాటికి నీటి ఆయుష్షు ఆరేడు నెలలు. ఆగస్టులో పిల్ల పడితే వేసవి ముందుకు చేతికి వచ్చే చేప, అక్టోబరు చివర పడితే రెండు నెలల పెరుగుదల పోగొట్టుకుంటుంది. ఆపైన చలికాలం వస్తుంది, చలికి చేప మేత తగ్గిస్తుంది. ఏటా నీళ్లు నిలిచే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లను, ఎండిపోయే కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లను ఇవ్వాలన్నది పథకపు నియమం. కుంటలో కొర్రమట్ట ఉన్నదనుకుందాం. చిటికెన వేలంత పిల్ల దానికి పలహారం. పోసినవాటిలో ఎన్ని దాని కడుపులోకి పోయాయో రాసినవారు లేరు కనుక, దిగుబడి రానప్పుడు నేరం కాంట్రాక్టరుమీద సభ్యులు, సభ్యులమీద అధికారులు నెట్టుకోవడమే మిగులుతుంది. కాంట్రాక్టరు తప్పు ఉండవచ్చు, లేకపోవచ్చు. దిగిన సంచుల్లో ఒకదాన్ని విప్పి, ఒక గిన్నెడు పిల్లలను లెక్కించి, పదింటి పొడవు కొలిచి రాసుకుని ఉంటే వాదన ఆనాడే తేలిపోయేది.

మరి కొర్రమట్టను శత్రువు అనుకోవడం అన్యాయం. అది రాష్ట్ర చేప. నీళ్లు తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చి బతకగలదు. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరుగుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా తిరగడం చెరువు దగ్గర పుట్టి పెరిగినవారు చూడనిది కాదు. బజారులో బొచ్చెకంటె దానికి ధర ఎక్కువ. మార్పులు, జెల్లలు, పరకలు కూడా ఇలాగే ఎవరూ లారీలో తేకుండా, చెరువు తనంతట తాను ఇచ్చే చేపలు. తొలి వానలకు ఒర్రెలు పారగానే ఈ నాటు చేపల్లో చాలా రకాలు గుడ్లకోసం నీటికి ఎదురెక్కుతాయి. సరిగ్గా అప్పుడే మత్తడి కింద, కాలువల్లో పిల్లాపెద్దా గంపలు, దోమతెరలు పట్టుకుని దిగుతారు. మృగశిర కార్తెనాడు చేప తినడం ఆచారం, దానిని కాదనేవారు లేరు. కాని కడుపునిండా గుడ్లున్న జెల్లను ఎదురెక్కేచోట పట్టడం అంటే విత్తనాల మూటను వండుకోవడం. సముద్రానికి 61 రోజుల సెలవు ఇచ్చినప్పుడు, ఒర్రెలకు తొలి వరదనుంచి ఒక పదిహేను రోజులు సెలవు ఇవ్వడం ఊరికి భారం కాదు. దీనికి చట్టం అక్కరలేదు, సంఘం తీర్మానం చాలును.

శాస్త్రజ్ఞుడు ఊళ్లోకి వచ్చి చెరువు గట్టున కూర్చుంటే ఏమవుతుందో తెలుగువారికి తెలియని సంగతి కాదు. బాపట్లలో 1939లో జన్మించిన మోదడుగు విజయ్ గుప్తా చేపల శాస్త్రజ్ఞుడు. 1980 దశకంలో ఆయన బంగ్లాదేశ్ పల్లెలకు వెళ్లాడు. పెద్ద చెరువులున్న ఆసాములను ఆయన వెతకలేదు. ఇళ్లవెనుక గుంతలు, రోడ్డు వేయడానికి మట్టి తీసిన గోతులు, నాలుగైదు నెలలే నీళ్లుండి దోమలు పెంచే చోట్లు చూశాడు. అక్కడ త్వరగా పెరిగే చేపలను ఎంచి, తవుడు, పేడ, ఇంటి వ్యర్థాలతో పెంచడం పేదలకు, ముఖ్యంగా ఆడవారికి నేర్పాడు. వారు మొదట నమ్మలేదంటే ఆశ్చర్యం లేదు, అప్పటివరకు అక్కడ ఆడవారు చేపలు పెంచే అలవాటే తక్కువ. ఫలితం వచ్చాక చుట్టుపక్కల వారే అడిగి నేర్చుకున్నారు. 2005లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి, 2023లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన పద్ధతిలో గమనించవలసినది చేప జాతులను కాదు. కొడిమ్యాలలో ఆ జాతులే వదలమని ఎవరూ అనరు. ముఖ్యంగా జిలేబీ చేప చెరువంతా ఆక్రమించి మిగతావాటి నోట మట్టి కొట్టగలదు. నీళ్లు ఎన్ని నెలలుంటాయి అన్న ప్రశ్న ముందు అడిగి, చేపను తరువాత ఎంచడం అన్నదే నేర్వవలసినది. ఇక్కడ చేపను ముందు పంపి నీళ్లను తరువాత చూస్తున్నారు.

వరికి తెగులు వస్తే అడగడానికి పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. బర్రెకు జబ్బు చేస్తే పశువైద్యుడు ఉన్నాడు, కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. చెరువులో తెల్లవారేసరికి చేపలు తేలి నోళ్లు తెరుస్తుంటే, అది నీటిలో ప్రాణవాయువు తగ్గడమని, వెంటనే కొత్తనీరు పెట్టాలని చెప్పేవారు మండలంలో ఎవరు? మత్స్యశాఖ సిబ్బందిని నిందించి లాభం లేదు, ఒక్కొక్కరి మీద ఎన్ని చెరువులున్నాయో వారికే తెలుసు. మత్స్య విజ్ఞాన కళాశాల వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉంది. కోరుట్ల కళాశాల, పెబ్బేరు కళాశాల రెండూ పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. చదువు చివర విద్యార్థులను పల్లెలకు పంపేటప్పుడు కొందరిని కోరుట్లలో బస ఇచ్చి ఈ వైపు చెరువులకు పంపడం ఆ విశ్వవిద్యాలయానికి అసాధ్యమేమీ కాదు. అడిగేవారు కావాలి. మండలపు సంఘాలన్నీ కలిసి ఒక అర్జీ పెట్టుకుంటే, శాసనసభ్యుడు దానిమీద సిఫారసు రాయడానికి వెనుకాడడు.

ఆ విద్యార్థులు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. సంచులు దిగగానే నోరు విప్పకుండా ఇరవై నిమిషాలు చెరువు నీళ్లలో తేల్చాలి. లోపలి నీటి వేడి, బయటి నీటి వేడి ఒక్కటి కానిదే వదిలితే పిల్ల బతకదు. ఎండ మీద కాక ఉదయం పూట వదలాలి. మత్తడికి అడ్డంగా వల కట్టాలి, లేకుంటే ఒక్క పెద్దవానకు సగం సొమ్ము దిగువ ఊరి పాలవుతుంది. ఇవి సభ్యుల్లో పెద్దవారికి తెలిసినవే, పెద్దలకోసం ఎదురుచూసి మధ్యాహ్నం చేసే విడుదల కార్యక్రమాల్లోనే మరచిపోతున్నారు.

రాయడం మాత్రం కొత్తగా మొదలుపెట్టాలి. సంఘంలో పది చదివిన కుర్రవాడు ఒకడైనా ఉంటాడు. పిల్లలు వదిలిన తేదీ, సంచుల సంఖ్య, పొడవు, నెలకోసారి విసురు వలకు పడ్డ పది చేపల బరువు, నీళ్లు తూము దాటి ఎప్పుడు దిగింది, చివరి పట్టుబడిలో ఏ రకం ఎన్ని కిలోలు, దానిలో లారీ చేప ఎంత, నాటు చేప ఎంత. వంద పేజీల నోటుబుక్కు, ఒక స్ప్రింగు కాంటా, గుర్తులు గీసిన ఒక కర్ర ఉంటే పని నడుస్తుంది. మూడేళ్లు రాసిన పుస్తకాన్ని పట్టుకుని జగిత్యాల మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి, "మా కుంటకు పెద్ద పిల్ల కావాలి, అదీ ఆగస్టులోనే కావాలి" అని అడిగిన సంఘానికి ఉత్తచేతులతో పంపడం ఏ అధికారికైనా కష్టం.